కబురు ముందుగా చేరిన ఊరు
(ఏరియూరులో తెలుగువారి ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణము విని, పిల్లల పాటలు ఎప్పుడు మొదలగునా అని మీరందరు ఎదురుచూచుచున్న వేళ, తుఫానులు వరదలు అంటూ మేము లేచి నిలుచుండుట కొందరికి అపశకునముగా తోచవచ్చును. మేము మెట్రిక్కు వరకే చదివినవారము. రైల్వేలో గుమాస్తా పని. శాస్త్రజ్ఞులము కాము. ఐనను మన కార్యదర్శిగారు, "మీరు రోజూ ఫోనులతోను కబుర్లతోను కాలము గడిపేవారు గదా! ఆపత్కాలములో ఈ వార్తాసాధనములు ఎట్లు ఉపయోగపడునో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఈ యేడు వానలు ఎట్లుండునో పంచాంగములో విన్నాము గనుక, ఆ వానల కబురు మన గడపదాకా ఎట్లు రావలెనో కూడ వినుటలో తప్పులేదని ఒప్పుకొన్నాము.

ముందుగా పాత సంగతి. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ఉప్పెన ముంచినది. సుమారు ముప్పదివేలమంది పోయినారని చెప్పుదురు. అంతకు నెలరోజుల లోపుననే కలకత్తాను పెద్ద తుఫాను కొట్టినది. మరుసటి సంవత్సరము కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు పంపు ఏర్పాటు జరిగినది. 1875లో వాతావరణ శాఖ వెలసినది. మనుష్యులకు బుద్ధి ఎప్పుడును కన్నీటి తరువాతనే వచ్చుచున్నది.

రెండవది, మా రైల్వేవారు మరువలేని సంగతి. 1964 డిసెంబరు 22వ తేదీ అర్ధరాత్రివేళ పాంబను నుండి ధనుష్కోటికి ఒక ప్యాసింజరు బండి బయలుదేరినది. తుఫానుకు సిగ్నలు పనిచేయలేదు. బండి కొంతసేపు ఆగి, మెల్లగా కదిలినది. స్టేషను చేరకముందే ఉప్పెన దానిని మ్రింగినది. నూరుమందికి పైగా జలసమాధి అయినారు. తీగెలన్నీ తెగిపోయినందున ఈ ఘోరము బయటివారికి వెంటనే తెలియలేదు. తరువాత పాంబను వంతెనను 46 రోజులలో బాగుచేసినారు. ఆ పనిని నడిపించిన యువ ఇంజనీరే అనంతర కాలములో ఢిల్లీ మెట్రో కట్టించిన శ్రీధరన్ గారు. వంతెన తిరిగి నిలిచినది. ధనుష్కోటి పట్టణము మాత్రము తిరిగి నిలువలేదు.

ఆ బండి నడిపినవారిని తప్పుపట్టు అర్హత మాకు లేదు. ఐతే మా రైల్వేలో ఒక నియమము కలదు. సిగ్నలు దీపము వెలగకపోతే దానిని ఎర్రదీపముగానే ఎంచవలెను. "చీకటిగా వున్నది, కాబట్టి ఏమీ లేదు" అనుకొనరాదు. ఈ ఒక్కమాట మీరు మనసులో వుంచుకొనండి. మరల దానికి వచ్చెదము.

మూడవది దివిసీమ. 1977 నవంబరు 19. మన పెద్దలలో ఆ దినము తలచుకొని ఈనాటికీ కన్నులు తుడుచుకొనేవారున్నారు. అధికార లెక్కల ప్రకారమే సుమారు పదివేల ప్రాణములు. తుఫాను వచ్చుచున్నదని వాతావరణ శాఖకు తెలియకపోలేదు. కాని ఆ మాట కడపటి పల్లెదాకా, కడపటి గుడిసెదాకా, నమ్మదగిన మాటగా, నడిచిపోవుటకు చాలినంత ముందుగా చేరలేదు. తెలియుట వేరు, తెలియజేయుట వేరు.

ఆ తరువాత ఏమి చేసినారు? 1980ల నడుమ మన ఉపగ్రహముద్వారా ఒక ఏర్పాటు చేసినారు. ఆంధ్ర తీరమునందు, ఉత్తర తమిళ తీరమునందు కలెక్టరు కచేరీలు మొదలగు చోట్ల పెట్టెలు పెట్టినారు. మద్రాసులోని వాతావరణ కేంద్రమునుండి హెచ్చరిక పంపగానే, ఏ జిల్లాకు కావలెనో ఆ జిల్లా పెట్టెలే కూత పెట్టి, ఆ జిల్లా భాషలో మాట్లాడెడివి. నేలమీది స్తంభము కూలినా ఆకాశములోని ఉపగ్రహము కూలదు గదా! 1990 మే 9న కృష్ణాముఖద్వారము దగ్గర అంతటి తుఫానే వచ్చినది. ఈసారి లక్షలాది జనమును ముందే తరలించినారు. పోయిన ప్రాణములు వేయి లోపల. అదియు తక్కువ దుఃఖము కాదు. ఐనను పదివేలకును వేయికిని నడుమ వున్న తేడాలో అధికారుల కష్టము కలదు, లారీలు కలవు, వాటన్నిటికంటె ముందు వేళకు చేరిన కబురు కలదు.

ఇక వలస వచ్చినవారమైన మనము తప్పక తెలిసికొనవలసిన కథ ఒకటి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు హిందూమహాసముద్రమునకు హెచ్చరిక కేంద్రమే లేదు. పుదుచ్చేరి ప్రాంతములో నల్లవాడు అను జాలరి పల్లె కలదు. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు ఆ పల్లెలో ఒక సమాచార కేంద్రము పెట్టి, సముద్రపు అలల వివరములు చెప్పుటకు మైకు అమర్చినారు. ఆ పల్లె కుర్రవాడు ఒకడు సింగపూరులో పని చేసికొనుచు, టెలివిజనులో సముద్రము పొంగిన వార్త చూచి, వెంటనే ఇంటికి ఫోను చేసినాడు. ఊరివారు సమాచార కేంద్రము తలుపు పగులగొట్టి, మైకులో "పరుగెత్తండి" అని కేకవేసినారు. నూరు ఇళ్లకు మించి పడిపోయినవి. సుమారు 3,600 మంది జనములో ఒక్కరికీ ప్రాణహాని లేదు.

ఇంత పెద్ద సముద్రములో ఆనాడు ఆ పల్లెకు హెచ్చరిక కేంద్రము ఎవరయ్యా అంటే, ఇల్లు విడిచి పొట్టకూటికి పోయిన ఒక పిల్లవాడు! 2007లో హైదరాబాదునందు సునామీ హెచ్చరిక కేంద్రము పెట్టినారు. అది ఈనాడు చుట్టుపట్ల దేశములకు కూడ కబురు పంపుచున్నది. సంతోషించవలసినదే. ఐనను ఆ పిల్లవాని ఫోనును మనము మరువరాదు.

ఇప్పుడు మా సొంత గోడు కొంచెము చెప్పుకొందుము, క్షమించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నముమీద తీరము దాటినది. మా తల్లిదండ్రులది భీమునిపట్నము దగ్గరి పల్లె. మేము అప్పటికి క్రొత్తగా ఉద్యోగములో చేరి ఈ ప్రాంతమునకు వచ్చినాము. ఆ ఉదయము అమ్మ ఫోనులో, "గాలి ఎక్కువగున్నాది, తలుపులేసుకున్నాం" అన్నది. అంతే. తరువాత ఫోను మూగదైనది. విద్యుత్తు పోయినది. సెల్ టవర్లు బ్యాటరీ అయినంతవరకు, డీజిలు వున్నంతవరకు నడిచి ఆగిపోయినవి. విశాఖలోని వాతావరణ రాడారు కూడ దెబ్బతిన్నది. రైళ్లు నిలిచిపోయినవి. చుట్టూ ఫోనులున్న కచేరీలో కూర్చుండికూడ, కన్నతల్లి బ్రదికియున్నదో లేదో తెలియక మూడు దినములు గడిపినాము. ఉపగ్రహ ఫోనులు, అభిరుచికొద్ది రేడియో నడిపే హామ్ సోదరులు పనిచేయుచున్నారని వింటిమి. కాని వారికి ఏమని చెప్పవలె? మా పల్లెలో ఎవరిని అడుగుమనవలె? అమ్మ నంబరు తప్ప మావద్ద మరొక నంబరు లేదు.

నాలుగవ దినము తెలియని నంబరునుండి ఫోను వచ్చినది. మా వీధి చివరి కుర్రవాడు. ఊరివారు చెప్పిన నంబర్లన్నీ ఒక కాగితముమీద వ్రాసికొని, టవరు పలికే చోటుదాకా నడిచివచ్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట చెప్పుచున్నాడు. "మీవోళ్లు బాగున్నారన్నా. ఇల్లు కప్పు పోనాది. ఇంకా పద్నాలుగు మందికి చెప్పాల, పెట్టేస్తన్నా" అన్నాడు. ఆ నాలుగు మాటలకు మేము కుర్చీలోనే ఏడ్చినాము. తరువాత అమ్మతో మాట్లాడినపుడు, "ఫోను పోనాది గానీ మేం పోనేదురా నాయనా" అని నవ్వినది.

అప్పుడు మాకు బోధపడినది. యంత్రము ఎంత గొప్పదైనను, దాని రెండు చివరలందు మనిషి వుండవలెను. ఆ మనిషి చేతిలో ఒక కాగితము వుండవలెను.

"మన ఏరియూరుకు సముద్రమెక్కడ?" అని మీరు అడుగుదురు. సముద్రము లేదు, కావేరి కలదు. పైన కృష్ణరాజసాగరము, కబిని నిండి నీరు వదిలితే, బిలిగుండ్లు దగ్గర కేంద్ర జలసంఘమువారు కొలిచి లెక్క చెప్పుదురు. ఆ నీరు హొగెనక్కల్ దూకి, మన పడమటి ఊళ్లను ఒరసుకొంటూ మేట్టూరు జలాశయములోనికి పోవును. 2018 ఆగస్టులోను, 2024లోను సెకనుకు లక్షన్నర ఘనపుటడుగులకు మించిన ప్రవాహము చూచినాము. తుఫానువలె వరద తటాలున రాదు. పైన వదిలినది ఇక్కడికి చేరుటకు గంటలు పట్టును. ఆ గంటలే మనకు దొరికిన గడువు. ఒడ్డున మేకలు కాచేవానికి, పుట్టిలో చేపలకు పోయేవానికి ఆ గడువులోపల కబురు చేరవలెను.

ఇప్పుడు ప్రభుత్వమువారు సెల్ ఫోనుకే హెచ్చరిక పంపు పద్ధతి తెచ్చినారు. మామూలు సందేశము ఒక్కొక్క నంబరుకు విడివిడిగా పోవును, రద్దీలో చిక్కుకొనును. ఈ క్రొత్త పద్ధతిలో టవరు తన పరిధిలోని ఫోనులన్నిటికి ఒకేసారి దండోరా వేయును. 2023లో పరీక్షగా పంపినపుడు ఫోనులు కూతపెట్టగా ఉలిక్కిపడినవారు ఈ సభలోనే వున్నారు. మంచిదే. కాని ఇక్కడ హెచ్చరిక తమిళములో వచ్చును. తమిళము మనకు అన్నము పెట్టిన భాష, మనమందరము మాట్లాడుదుము. కాని మన ముసలివారిలో, క్రొత్తగా పనికి వచ్చినవారిలో చదువగలవారెందరు? కూత వినబడి మాట తెలియకపోతే, అది భయమే గాని హెచ్చరిక కాదు.

కావున మన సంఘము చేయదగిన పని ఒకటి మనవి చేయుచున్నాము. ఖర్చు ఒక నోటుబుక్కు మాత్రమే.

ఆ పుస్తకములో ప్రతి కుటుంబమువారు తమ ఇక్కడి నంబరు, స్వగ్రామములో ఇంటి నంబరు, ఆ ఇంటికి సంబంధములేని మరొక నంబరు, అనగా బడి పంతులుగారిదో, కిరాణా కొట్టువారిదో, పొరుగూరి చుట్టముదో వ్రాయవలెను. సెల్ ఫోనులో గాక కాగితముమీదనే వుండవలెను. ఒక నకలు స్వగ్రామమునకు కూడ పంపవలెను. వీధికి ఒక తమిళము చదువగల పిల్లవాడో పిల్లయో, హెచ్చరిక రాగానే నాలుగు గడపలు ఎక్కి తెలుగులో చెప్పవలెను. జిల్లా విపత్తు కచేరీ నంబరు 1077, రాష్ట్రమునకు 1070, అత్యవసరమునకు 112 అని ప్రతి ఇంటి గోడమీద వ్రాసికొనవలెను. సెల్లులతో నడిచే చిన్న రేడియో ఒకటి ఇంట వుంచుకొన్నవారు మరీ ధన్యులు.

పుకార్ల సంగతి కూడ ఒకమాట. రైల్వేలో ఇద్దరు స్టేషను మాస్టర్లు బండి విషయము మాట్లాడుకొన్నపుడు, విన్నవాడు విన్నమాట తిరిగి చెప్పి, తన రహస్య నంబరు ఇచ్చినగాని ఆ కబురు చేరినట్లు కాదు. మనము కూడ "ఆనకట్ట తెగినదట" అని ఎవరో పంపినదానిని పదిమందికి త్రోయక, ఎవరు చెప్పినారు, ఎప్పుడు చెప్పినారు అని అడిగి, 1077కు కనుగొని మరీ చెప్పవలెను.

చివరగా ఆ దీపము వెలగని సిగ్నలు. తుఫాను దినములలో స్వగ్రామమునుండి ఫోను రాకపోతే "బాగానే వుందురులే" అనుకొనకండి. అది ఎర్రదీపము. పుస్తకము తెరచి రెండవ నంబరుకు చేయండి. అదియు పలుకకపోతే మూడవదానికి. ఆ పలికినవానిని పంపించి చూడుమనండి. వలస వచ్చినంతమాత్రమున మనము ఊరికి పనికిరానివారము కాలేదు. ఊరు మునిగినపుడు, మునగని చోట వున్నవారము మనమే.

పుస్తకము ఇదిగో, ఈ బల్లమీద పెట్టినాము. పెన్సిలు కూడ కట్టినాము. పిల్లల పాటలు ముగియులోపల అందరు వచ్చి వ్రాయగలరని కోరుచు, ఈ నూతన సంవత్సరమున మన ఇళ్లకు వచ్చు కబుర్లన్నీ మంచి కబుర్లే కావలెనని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.