ఇంటి బీమా, బండి బీమా: కంపెనీ మార్చవలెనా?

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో ఇల్లు కట్టుకొన్నవారికి ఏటేట తప్పక అందెడి కబురులు రెండు కలవు. ఒకటి ఇంటిపన్ను కాగితము. రెండవది బీమా గడువు ముగియుచున్నదను సందేశము. పన్ను వసూలు చేయువారిని మార్చుకొనుట మన చేతిలోని పని కాదు గనుక మొదటి దానిని గూర్చి చర్చ లేదు. రెండవది వచ్చిన దినము నుండి మాత్రము ఇంటిలో తర్కము మొదలగును. ఆ సందేశము వెనుకనే ఇతర కంపెనీల ఫోనులు వచ్చును. మీరిప్పుడు కట్టుచున్న దానిలో సగమునకే మేమిత్తుమని ఒకరు, ముప్పాతికకు ఇత్తుమని ఇంకొకరు చెప్పుదురు. పాత కంపెనీయందు మనకు ఏదో ఒక అసంతృప్తి ఉండనే ఉండును. క్రొత్త యొక వింత, పాత యొక రోత అను సామెత ఇటువంటి వేళలకే పుట్టినది కాబోలు.

మా ప్రాంతమున ఈ తర్కము మునుపు లేదు. శామీర్‌పేట, మేడ్చల్ ద్రాక్షతోటలకు పేరుపడిన కాలమున కారున్న ఇండ్లు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. తరువాత ఔటర్ రింగు రోడ్డు వచ్చినది. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ వెలసినది. 2023 ఏప్రిల్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైలు మేడ్చల్ దాక వచ్చినది. తోటలున్న చోట ఇండ్ల వరుసలు లేచినవి. నేడు బ్యాంకు అప్పుతో కట్టిన ఇల్లు, దాని ముందొక కారు, ప్రక్కన ఒకటి రెండు స్కూటర్లు సామాన్య దృశ్యము.

దేశమందును ఈ ఎంపిక మరీ పాతది కాదు. 1973 జనవరి 1 నుండి సాధారణ బీమా వ్యాపారమంతయు జాతీయమై, 107 కంపెనీలు కలిసి నాలుగు కంపెనీలైనవి. కలకత్తాలో నేషనల్, బొంబాయిలో న్యూ ఇండియా, ఢిల్లీలో ఓరియంటల్, మద్రాసులో యునైటెడ్ ఇండియా. ప్రైవేటు కంపెనీలు మరల వచ్చినది 2000 తరువాతనే. వచ్చిన పిమ్మట కూడ కొన్ని ఏండ్లు ధరలు పట్టిక ప్రకారమే నడచినవి. ఎవరివద్దకు పోయినను ఒకే ధర యైనప్పుడు మారుట వలన లాభమేమి? ఆ పట్టిక సడలినది 2007 జనవరి 1న. కంపెనీ మార్చి డబ్బు మిగుల్చుకొనుట అను విద్య అప్పటి నుండి మొదలైనదే. ఈ కంపెనీలన్నిటిపై అజమాయిషీ చేయు బీమా నియంత్రణ సంస్థ కార్యాలయము మన హైదరాబాదులోనే, నానక్‌రామ్‌గూడ వద్ద ఉన్నది.

సగము ధర యని ఫోనులో చెప్పినప్పుడు, దేనిలో సగమని మనము అడుగవలెను. కారు పాలసీలో రెండు భాగములు కలవు. మన బండి వలన ఇతరులకు కలిగిన నష్టమునకు థర్డ్ పార్టీ బీమా. మన బండికే కలిగిన నష్టమునకు ఓన్ డ్యామేజ్ బీమా. మొదటి దాని ధరను నిర్ణయించునది కేంద్ర ప్రభుత్వము. 2022 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన పట్టికలో 1000 నుండి 1500 సి.సి. వరకు గల స్వంత కారునకు ఏడాదికి 3,416 రూపాయలు. అంతకు చిన్న కారునకు 2,094 రూపాయలు. దీనిని ఏ కంపెనీయు తగ్గించి ఇయ్యజాలదు. తగ్గునదంతయు రెండవ భాగములోనే తగ్గవలెను. కావున ఆ భాగమును విప్పి చూడవలసి యున్నది.

అందు ముఖ్యమైనది బండికి పాలసీలో కట్టిన విలువ. దీనిని ఐ.డి.వి. అందురు. బండి పాతబడిన కొలది ఈ విలువ తరుగును. నాలుగేండ్లు దాటి అయిదేండ్లు నిండని కారునకు సగము తరుగు అని ప్రమాణము. ఎనిమిది లక్షల ధర గల కారు ఉన్నదనుకొందము. అయిదవ ఏట దాని విలువ నాలుగు లక్షలు. ఒక కంపెనీ దానిని మూడు లక్షల నలువది వేలుగా వ్రాసి ప్రీమియము తగ్గించి చూపును. కట్టునప్పుడు మిగులునది స్వల్పము. కారు దొంగిలింపబడిన నాడు అరువది వేలు తక్కువగా చేతికి వచ్చును. ఇంకొక సంగతి కూడ ఉన్నది. మరమ్మతు ఖర్చు ఈ విలువలో నూటికి 75 వంతులు మించినయెడల బండి పూర్తిగా పోయినట్లే లెక్క కట్టుదురు. పై కారునకు రెండు లక్షల డెబ్బది వేల మరమ్మతు పడినదనుకొనుడు. విలువ నాలుగు లక్షలున్నచో హద్దు మూడు లక్షలు. బండిని బాగుచేసి ఇత్తురు. విలువ మూడు లక్షల నలువది వేలైనచో హద్దు రెండు లక్షల ఏబది అయిదు వేలే. కారు లెక్కలో ముగిసిపోవును. ఒకే గ్రుద్దు, ఒకే బండి. కాగితము మీది అంకెను బట్టి ఫలితము మారినది. రెండు కంపెనీల ధరలను పోల్చువారు ఈ అంకెను రెండింట సమానము చేసి పోల్చినగాని ఆ పోలికకు అర్థము లేదు.

అట్లే పాత పాలసీతో ఉండి క్రొత్త దానిలో జారిపోవు అనుబంధములను గమనింపవలెను. మామూలు పాలసీలో ప్లాస్టికు, రబ్బరు భాగములకు సగము ధరయే ఇత్తురు. ఆ కోత లేకుండ చేయునది జీరో డిప్రిసియేషన్ అను అనుబంధము. మా వైపు అంతకంటె ముఖ్యమైనది ఇంజనుకు చెందినది. 2020 అక్టోబరు నడిమి వానలు హైదరాబాదు చుట్టుప్రక్కల వారెవరును మరువలేదు. వాన నీటిలో నిలిచిన కారు ఇంజనులోనికి నీరు చొచ్చును. నీరు దిగిన పిమ్మట యజమాని ఆత్రముతో తాళము త్రిప్పును; లోపలి నీరు అణగదు గనుక ఇంజను విరుగును. అది వరద వలన కలిగిన నష్టము కాదనియు, తాళము త్రిప్పుట వలన కలిగిన నష్టమనియు కంపెనీ వాదించును. ఇంజను రక్షణ అనుబంధము లేనివాడు ఆ వాదమును గెలుచుట కష్టము. చెరువుల క్రింద, పల్లపు లేఅవుట్లలో ఇండ్లున్న వారు, సెల్లారులో కార్లు నిలుపు అపార్టుమెంట్ల వారు దీనిని వదలి వేయి రూపాయలు మిగుల్చుకొనుట మాకు సమ్మతము కాదు.

కంపెనీ మారినచో బోనసు పోవునేమో అను భయము చాలమందికి కలదు. అది అక్కరలేని భయము. క్లెయిము లేని ఏండ్లకు ఇచ్చు నో క్లెయిమ్ బోనసు బండిది కాదు, కంపెనీది కాదు, యజమానిది. మొదటి ఏటికి 20, తరువాత 25, 35, 45, అయిదేండ్లకు 50 శాతము. ఏ కంపెనీకి పోయినను వెంట వచ్చును. అయితే గడువు ముగిసిన 90 దినములలోపల పాలసీ తీసికొననిచో నశించును. క్లెయిము చేసియుండియు చేయలేదని వ్రాసి ఇచ్చువారు కొందరు కలరు. క్రొత్త కంపెనీ పాత కంపెనీని విచారించును. నిజము బయటపడునది తరచుగా ప్రమాదము జరిగిన పిమ్మటనే. ఫోనులో మాటలాడు ఏజెంటు ఆ గడిని తానే నింపి పంపినను, సంతకము మనదే.

2018 సెప్టెంబరు నుండి క్రొత్త కారునకు మూడేండ్ల, క్రొత్త స్కూటరునకు అయిదేండ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసికొనవలసి యున్నది. అట్టివారు ఆ భాగమును కదిలింప పనిలేదు. ఓన్ డ్యామేజ్ భాగమును మాత్రము వేరొక కంపెనీలో తీసికొనుటకు 2019 సెప్టెంబరు నుండి వీలు కలిగినది.

మారుటలో అసలు అపాయము నడుమ పడు సందు. పాతది ముగిసి క్రొత్తది మొదలు కాని ఒక్క దినమైనను థర్డ్ పార్టీ బీమా లేకుండ బండిని రోడ్డు మీదికి తీయరాదు. మొదటిసారి పట్టుబడినచో జరిమానా 2,000 రూపాయలు. అది పెద్ద మాట కాదు. రాజీవ్ రహదారి మీదనో, నాగపూరు రోడ్డు మీదనో, ఆ దినముననే మన బండి తగిలి ఒక మనిషి ప్రాణము పోయినచో, ట్రిబ్యునలు విధించు పరిహారమునకు హద్దు లేదు. బీమా ఉన్నచో కంపెనీ కట్టును. లేనిచో యజమాని కట్టవలెను; అప్పుతో కట్టిన ఆ ఇల్లే అమ్మకమునకు రావచ్చును. అటువైపున పోయినవాడు ఒక కుటుంబమును పోషించుచుండిన కూలివాడైనచో, యజమాని కట్టలేని పరిహారము ఆ కుటుంబమునకు కూడ అందని పరిహారమే. ఫోనులలో ధరల మాటలు విని విని ఈ బీమా మొదట ఎవరికొరకు పుట్టినదో మనము మరచుచున్నాము.

ఇక ఇంటి సంగతి. ఇక్కడ మార్పు సులభము. 2021 ఏప్రిల్ 1 నుండి సాధారణ బీమా కంపెనీలన్నియు భారత్ గృహ రక్ష అను ఒకే నమూనా పాలసీని ఇయ్యవలసి యున్నది. అగ్ని, పిడుగు, భూకంపము, గాలివాన, వరద, అల్లర్లు మొదలగునవి అందు చేరియున్నవి. మాటలన్నియు ఒకటే గనుక ధర, సేవ మాత్రమే వేరు. ఇంటి విలువను విస్తీర్ణము, కట్టుబడి ఖర్చు లెక్కతో కట్టవలెను. మా ప్రాంతమున గజము ధర పెరిగినదని మురిసి, స్థలము ధరను కూడ కలిపి బీమా చేయబూనువారు కలరు. స్థలము కాలదు, కూలదు. దానికి కట్టు ప్రీమియము వృథా. 1,500 అడుగుల ఇల్లు, అడుగునకు 2,000 రూపాయల కట్టుబడి అనుకొనినచో ముప్పది లక్షలు చాలును. ఇంటిలోని సామానులకు ఆ మొత్తములో అయిదవ వంతు, పది లక్షలకు మించకుండ, తనంతట తానే చేరును. నగలకు మాత్రము వేరుగా వ్రాయించుకొనవలెను.

దొంగతనము విషయమున జాగ్రత్త అవసరము. ఈ నమూనా పాలసీలో, పాలసీ వర్తించు ప్రమాదము ఏదైన జరిగిన ఏడు దినములలోపల పోయిన సామానుకే దొంగతనపు రక్షణ. దసరాకు, సంక్రాంతికి తాళము వేసి సిద్దిపేటకో, కామారెడ్డికో, కరీంనగరుకో పోయినప్పుడు జరుగు మామూలు దొంగతనమునకు బర్గలరీ పాలసీ వేరుగా ఉండవలెను. పాత కంపెనీ దానిని కలిపి ఇచ్చియుండిన, క్రొత్త కంపెనీ తక్కువ ధర అందువలననే తక్కువ యైనదేమో చూచుకొనుడు.

అప్పున్న ఇండ్లకు బ్యాంకు వారే ఒక పాలసీ ఇప్పించి యుందురు. అది ఉన్నట్లు ఇంటివారికి తెలియని సందర్భములును కలవు. అందులోని మొత్తము ఇంటి కట్టుబడికి సరిపోవునా, అప్పునకు మాత్రమే సరిపోవునా అని చదువుకొనవలెను. బీమా ఉండవలెనని బ్యాంకు కోరవచ్చును. ఫలాని కంపెనీలోనే అని బలవంతము చేయరాదు. మారునప్పుడు క్రొత్త పాలసీలో బ్యాంకు పేరు వ్రాయించి, నకలు బ్యాంకునకు అందజేసిన పిమ్మటనే పాతదానిని వదలుట మంచిది.

ధర సమానము చేసి చూచిన తరువాత మిగులునది సేవ. ఇది ప్రకటనలలో తెలియదు. మేము అడిగినది మెకానిక్కులను. ఏ కంపెనీ బండి వచ్చినచో డబ్బు ముందు కట్టనక్కర లేకుండ పని మొదలు పెట్టుదురు, ఏ కంపెనీ సర్వేయరు పట్టణము నుండి రెండు దినములకు గాని రాడు, ఇవన్నియు గ్యారేజీ వారికి కంఠతా వచ్చును. ఏజెంటు లేకుండ ఫోనులోనే కొనినచో కొంత మిగులును, నిజమే. పిలిచినప్పుడు అలియాబాదు చౌరస్తా నుండి పది నిముషములలో వచ్చి నిలుచు మనిషికి ఆ కొంత చెల్లించుట మాకు నష్టముగా తోచలేదు.

క్లెయిము త్రోసివేసినారను కోపముతో మారువారికి ఒక మాట. మారినంత మాత్రమున పాత ఫిర్యాదు చచ్చిపోదు. ముందు కంపెనీకే వ్రాయుడు. నెలలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు న్యాయముగా లేకున్నను, ఏడాదిలోపల లక్డీకాపూల్ వద్దనున్న బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కర లేదు. మా వీధిలో ఒకరు కోపముతో కంపెనీ మార్చిరి గాని, రావలసిన డబ్బు కొరకు కాగితము మాత్రము వ్రాయలేదు. అది మాకు వింతగా తోచినది.

మా యింట లెక్క చూచినప్పుడు, కారునకు విలువను, అనుబంధములను సమానము చేసిన పిమ్మట ఫోనులోని సగము ధర నాలుగైదు వందల తేడాగా మిగిలినది. దానిని కదిలింపలేదు. ఇంటి పాలసీలో బర్గలరీ లేదు. దానిని చేర్చి తక్కువకు ఇచ్చిన కంపెనీకి ఇంటి వరకు మారితిమి. నెల ముందుగానే ధరలు తెప్పించుకొనుట వలన తొందర లేకపోయినది. గడువు దాటిన బండికైనచో కంపెనీవారు ఫొటోలు, తనిఖీ అని ఆపుదురు. నడుమ ఏడాదిలో మారదలచిన వారికిని దారి ఉన్నది: 2024 నాటి నియమముల ప్రకారము, క్లెయిము చేయని ఏడాది పాలసీని ఎప్పుడు రద్దు చేసుకొనినను మిగిలిన దినములకు లెక్క కట్టి డబ్బు తిరిగి ఇత్తురు. బండికి మాత్రము వేరొక బీమా ఉన్నట్లు కాగితము చూపవలెను.