రెప్పల బరువు – ఒక రక్తపరీక్ష

ఆటపాటల నడుమ జబ్బు గోలేమిటని విసుక్కోకండి, రెండు నిమిషాలే తీసుకుంటాం.

పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనబడడం, ముద్ద నమలలేకపోవడం – ఈ జబ్బును 1879లో హైడెల్‌బర్గు వైద్యుడు ఎర్బ్ వర్ణించాడు. 1895లో బెర్లినులో యోలీ 'మయస్థీనియా గ్రేవిస్' అని పేరు పెట్టాడు. 1984లో అమితాబ్ బచ్చన్‌కు బయటపడిందీ ఇదే.

ఒంటిని కాపాడవలసిన యాంటీబాడీలే నరం కండరాన్ని కలిసేచోట గ్రాహకాలను దెబ్బతీస్తాయి. కంచే చేను మేసినట్టన్నమాట! 1976లో లిండ్‌స్ట్రోమ్ బృందం వీటిని రక్తంలో పట్టే పరీక్షను వెల్లడించింది. చిత్రమేమంటే, అందులో పనికొచ్చింది కట్లపాము జాతి విషం. అది గ్రాహకాన్ని పట్టిందంటే వదలదు. దానికి రేడియోధార్మిక అయొడిన్ తగిలించి ఆనవాలు పడతారు.

చిక్కు ఇక్కడే ఉంది. జబ్బు ఒళ్లంతా పాకినవారిలో ఇంచుమించు నూటికి 85 మందికి ఈ పరీక్షలో తేలుతుంది. కళ్లకే పరిమితమైతే సుమారు సగం మందికే. కనుక "రక్తంలో ఏమీ లేదు, మనోవ్యాధి" అంటే ఒప్పుకుని వచ్చేయకండి. 2001లో కనుగొన్న మస్క్ యాంటీబాడీకి కూడా చూడమనండి, నరాల విద్యుత్ పరీక్ష అడగండి. ఇంకొక మాట. డాక్టరుతో 'మ్యూదె' అంటే నిద్ర చాలలేదనుకుంటారు. 'ముస్కెల్‌ష్వేషె' అనండి, ఏ వేళకు ఏ పని చేతకాకుండా పోతోందో చెప్పండి. మింగుడు పడకపోయినా, ఊపిరి బరువైనా అపాయింటుమెంటు కోసం ఆగక 112కు ఫోను చేయండి.