పరదేశంలో వైఫై, పెద్ద ఫైళ్లు

కొత్తగూడ, కొండాపూర్ ఐటీ ఆఫీసుల నుంచి ఆన్‌సైట్ పనిమీద విదేశాలకు వెళ్లేవారు చాలామంది. అక్కడ విమానాశ్రయంలోనో, హోటల్లోనో ఉచిత వైఫై దొరకగానే పెద్ద ఫైళ్లు పంపాలని చూస్తారు. జీమెయిల్‌లో జతచేయగలిగేది 25 ఎంబీ వరకే. అంతకు మించితే క్లౌడ్‌లోకి ఎక్కించి లింకు పంపాలి. సెకనుకు 5 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం ఉంటే 1 జీబీ ఫైలుకు దాదాపు 27 నిమిషాలు పడుతుంది. ఈలోగా కనెక్షన్ తెగితే కథ మళ్లీ మొదటికి రావచ్చు. అందుకే ఆగిన చోటు నుంచి కొనసాగించే యాప్ వాడండి. లేదా ఫైలును చిన్న ముక్కలుగా జిప్ చేసి పంపండి.

ఇక భద్రత మాట. హోటల్ పేరుతోనే మోసగాళ్లు నకిలీ వైఫై పెట్టగలరు. అసలు పేరేదో రిసెప్షన్‌లో అడిగి తెలుసుకోండి. బ్రౌజర్ హెచ్చరిక చూపిస్తే అక్కడే ఆగిపోండి. ఆఫీసు ఫైళ్లను కంపెనీ వీపీఎన్ ద్వారా, కంపెనీ అనుమతించిన చోటికే పంపండి. సొంత పత్రాలైతే జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. ఆ పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాయకుండా ఫోన్ చేసి చెప్పండి. పంపాల్సిన ఫైళ్లేవో ముందే తెలిస్తే, బయల్దేరక ముందే ఇంటి నుంచి క్లౌడ్‌లోకి ఎక్కించుకోవడం అన్నిటికన్నా మేలు.