బురదబాటలో బండి నడుపువాని పాదరక్షలు

వానకాలమునకు ముందు బండి గలవారు టైర్లు చూపించుకొందురు, బ్రేకులు సరిచేయించుకొందురు, అద్దము తుడుచు పుల్లలు మార్పించుకొందురు. బ్రేకును త్రొక్కు కాలికి ఏమి తొడుగుకొనవలెనను యోచన మాత్రము సాధారణముగా ఎవరికిని రాదు. మాకును చాలకాలము రాలేదు. వచ్చినది తాడ్వాయి అడవిలో, ఒక వాగు ఒడ్డున.

నాడు వరంగల్లు నుండి బయలుదేరి ములుగు దాటి, తాడ్వాయి అవతల తారురోడ్డు విడిచి అడవిబాట పట్టినాము. ముందురాత్రి కురిసిన వానకు బాట మెత్తబడి ఉన్నది. రెండుమారులు దిగి చక్రముల క్రింద రాళ్ళు పెట్టి, కొమ్మలు పరచి, మరల ఎక్కినాము. కాళ్ళకు ఉన్నవి వెనుక పట్టీ లేని తోలు చెప్పులు. వాగులోనికి దిగు వాలులో బ్రేకు త్రొక్కబోగా, తడిసిన చెప్పు పాదము నుండి జారి పెడలు క్రిందికి పోయి అడ్డుపడినది. పెడలు సగము దిగి ఆగిపోయినది, జీపు ఆగలేదు. వాగు నడుమ ఇసుకమేటలో ముందుచక్రములు కూరుకొనిపోయి బండి నిలిచినది. నీరు మోకాలి లోతే గనుక ప్రాణములకు ముప్పు రాలేదు. ఒడ్డున పశువులను కాయుచున్న పెద్దాయన ఒకరు వచ్చి, మా కాళ్ళవంక చూచి, “సారూ, గవి ఊర్ల నడిచే చెప్పులు, వాగుకు పనికి రావు” అన్నాడు. ఆ మాటకు మావద్ద జవాబు లేకపోయినది.

మంచిరోడ్డు మీద చెప్పులతో నడిపినను చాలమందికి ఏమియు జరుగదు గదా అని అడుగవచ్చును. నిజమే. కాని బురదలో పాదమునకు పని ఎక్కువ. యాక్సిలరేటరును ఒక్కసారిగా నొక్కినచో చక్రము ముందుకు పోక ఉన్నచోటనే తిరిగి గోతిని త్రవ్వుకొనును. పూర్తిగా వదలినచో బండి నిలిచిపోవును. నిలిచినదానిని మరల కదలించుట కష్టము. కావున నొక్కీ నొక్కనట్లు, ఒకే నిదానముతో నడుపవలెను. అనగా పాదము అన్నిటికంటె సున్నితముగా పనిచేయవలసిన సమయముననే అది తడిసి, బురద అంటి, జారుచుండును. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

మన ప్రాంతపు మట్టిని బట్టి కూడ కొంత యోచింపవలెను. చెల్కనేల మట్టిలో ఇసుక పాలు హెచ్చు. అది అంతగా అంటుకొనదు గాని బూటులోనికి దూరి మడమను ఒరయును. నల్లరేగడి అట్లుకాదు. దానిలోని బంకమట్టి నీరు త్రాగి ఉబ్బి, అడుగు తీసి అడుగు వేయునప్పటికి అట్టకు పొరపొరలుగా పట్టును. పది అడుగులు నడచి బండి ఎక్కువారి కాలిక్రింద రెండంగుళముల దిమ్మ ఉండును. ఇక పెడలు ఎక్కడ ఉన్నదో పాదమునకు తెలియదు.

లోతైన గాళ్ళున్న అట్ట బురదకు మంచిదని దుకాణదారులు చెప్పుదురు. నడుచువానికి కొంతవరకు నిజము కావచ్చును. కాని ఇరుకుగాను లోతుగాను ఉన్న గాళ్ళలో బంకమట్టి కూరుకొని బయటికి రాదు. వియత్నాము యుద్ధకాలమున అమెరికా సైనికులకు ఇచ్చిన అడవిబూట్ల అట్టలు ఇట్లే బురదతో పూడిపోగా, 1960 దశకములో వాటికి బదులుగా పనామా తీరు అట్టను వేసినారు. దాని గాళ్ళు వెడల్పుగా, ఏటవాలుగా, అంచువరకు తెరచియుండి, అడుగు వేసినపుడెల్ల బురదను ప్రక్కకు నెట్టివేయును. ఆ బూట్లకు నీరు కారిపోవుటకు ప్రక్కన చిన్న రంధ్రములు కూడ ఉండెడివి. ఈ రెండు గుణములను మన బజారులోను వెదకవచ్చును.

మోకాలివరకు వచ్చు రబ్బరు బూటును గురించి చాలమందికి గౌరవము. 1853లో హైరమ్ హచిన్సన్ అను అమెరికా దేశస్థుడు ఫ్రాన్సులో కర్మాగారము పెట్టి, పొలము పనివారి కొరకు రబ్బరు బూట్లు చేయించినాడు. పొలమునకు అది నేటికిని మేలే; పాము కాటునుండి, ముల్లునుండి కాపాడును. పెడలు దగ్గర మాత్రము అది మొద్దు. వెడల్పయిన ముందుభాగము బ్రేకును యాక్సిలరేటరును ఒకేసారి నొక్కగలదు, చీలమండ వంగదు, లోపల పాదము వదులుగా కదలును.

ఉత్తకాళ్ళే నయమని వాదించువారు ఉన్నారు. పాదమునకు స్పర్శ తెలియునన్నంతవరకు వారి మాట సబబే. కాని బురదకాలు ఇనుప పెడలుపై సబ్బువలె జారును. దిగిన తరువాత తుమ్మముల్లు ఉన్నది, గాజుపెంకు ఉన్నది. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన వచ్చు లెప్టోస్పైరా జ్వరము కాలి గాయములగుండా ప్రవేశించును.

ట్రాక్టరు విషయము ఇంకను పెద్దది. దమ్ము చేయునపుడు మన పల్లెలలో పెక్కుమంది ఉత్తకాళ్ళతోనో రబ్బరు చెప్పులతోనో క్లచ్చి త్రొక్కుచుందురు. వెనుక చక్రములు బురదలో బిగిసి తిరుగలేని స్థితిలో కాలు జారి క్లచ్చి ఒక్కసారిగా విడుచుకొన్నచో, చక్రమును త్రిప్పలేని ఇంజను బలము బండినే ఇరుసు చుట్టు త్రిప్పును. ముందుభాగము లేచి వెనుకకు తిరుగబడును. నడుపువానికి దూకుటకు వ్యవధి ఉండదు. చక్రములకు దుంగ కట్టి ముందుకు లాగించుట ఈ ముప్పును హెచ్చించును. కూరుకొన్నపుడు వెనుక గేరులో మెల్లగా వెనుకకు తీయుట మేలు. అదియు సాగకున్న వేరొక బండిచేత లాగించవలెను. ఇంట ట్రాక్టరు నడుపు కుర్రవాడున్నచో ఈ ఒక్క సంగతియైనను అతనికి చెప్పవలసినదని తల్లిదండ్రులను కోరుచున్నాము.

చెప్పులతో నడిపినచో జరిమానా అని 2019లో ఒక పుకారు దేశమంతట వ్యాపించినది. అది అబద్ధమని అప్పటి కేంద్ర రవాణామంత్రి కార్యాలయమే ప్రకటించినది. బ్రిటను రోడ్డు నియమావళి ఏ జోడు తొడుగవలెనో చెప్పదు. పెడళ్ళను సరిగా వాడుటకు అడ్డురానిదై ఉండవలెనని మాత్రము చెప్పును. మాకు ఈ మాట నచ్చినది.

మేము కొనునది చీలమండ దాక వచ్చు కాన్వాసు బూటు. అట్ట పలుచని రబ్బరు, పాదముకంటె వెలికి పొడుచుకొని రానిది. లేసులు గట్టిగా బిగించి, మిగిలిన కొసలను లోనికి దోపవలెను; వ్రేలాడు లేసు పెడలుకు తగులుకొనును. కొనబోవుటకు ముందు ఇంటివద్దనే రెండు పెడళ్ళ నడుమ ఎడమును ఒక దారముతో కొలిచి జేబులో వేసికొని పోవుదుము. బూటు ముందుభాగపు వెడల్పులో సగమును ఆ దారముతో సరిచూచి, మించినచో విడిచిపెట్టుదుము. దుకాణదారు నవ్వును, నవ్వనిండు. బేరము కుదిరిన పిదప, డబ్బు చెల్లింపకమునుపే, ఇంజను ఆపియున్న మా బండిలో కూర్చుండి, కన్నులు మూసికొని, మడమను ఎత్తకుండ యాక్సిలరేటరు నుండి బ్రేకునకు పదిమారులు కాలు మార్చి చూతుము. ఒక్కమారు తడబడినను ఆ జత మాకు వద్దు.

ఎంత మంచి బూటైనను బురదను తుడువక ఎక్కరాదు. ద్వారము ప్రక్కన ఒక వెదురుబద్దను ఉంచుకొని అట్టను గీకి, తరువాతనే కాలు లోనికి తీయవలెను. కాలిక్రింద గోనెపట్టా పరచువారు దానిని కట్టివేయవలెను. లేనిచో అదియే ముడుచుకొని పెడలు క్రిందికి చేరును. పెడలు పైని రబ్బరు అరిగి నున్నబడినచో మార్పించవలెను. దాని ఖర్చు బూట్ల ఖర్చు కంటె చాల తక్కువ.

2023 జూలై చివరివారములో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. అట్టి దినములలో ఏ జోడును రక్షింపదు. పారు వాగులో బండి దింపరాదు. మేము చెప్పునది మామూలు వానల మాట.

తడిసిన బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కి నీడను ఆరబెట్టవలెను. పొయ్యి ప్రక్కన పెట్టినచో అతుకు విడి అట్ట ఊడివచ్చును. మా ఇంట ఆ జతకు వసారాలో ఒక మూల కేటాయించినారు, లోపలికి రానీయరు.