పన్నుకి క్యాప్ వేయించుకునే ముందు
(వార్షిక మహాసభలో దంత వైద్యురాలి ప్రసంగం)



క్యాప్ అనగానే అందరూ అడిగేది ఒకటే: "తెల్లగా ఉంటుందా మేడమ్?" అడగాల్సిందే. దానికంటే ముందు, "గట్టిగా నిలుస్తుందా?" అని అడగండి. సంఘంలో అప్పు తీసుకుని వేయించుకున్న క్యాప్ ఊడిపోతే పన్నూ పోవచ్చు, వాయిదాలూ మిగులుతాయి.

లోతుగా దిగే డబ్బా మూత గట్టిగా పడుతుంది. పైపైన కూర్చునే మూత జారిపోతుంది. క్యాప్ కూడా అంతే. అరగదీసిన పన్ను తగినంత ఎత్తుండి, గోడలు దాదాపు నిలువుగా ఉంటే పట్టు ఉంటుంది. పొట్టిగా, పైకి సన్నబడితే పట్టు ఉండదు. సిమెంటు సాయం చేస్తుంది గానీ, లేని పట్టుని తేలేదు.

బ్రిడ్జికి ఇంకా జాగ్రత్త కావాలి. పోయిన పన్ను ఒకటైనా, సాధారణంగా అటూ ఇటూ ఉన్న రెండు పళ్లనీ అరగదీయాలి. అరిగిన పన్ను మళ్లీ పెరగదు. ఆ రెండూ, వాటి చుట్టూ ఎముక గట్టిగా ఉన్నాయో లేదో ఎక్స్‌రే తీసి చూపించమనండి. తీసిపెట్టుకునే పన్ను, ఇంప్లాంట్ ఖర్చు కూడా చెప్పమనండి.

ఇక రంగు సంగతి. లోహపు తొడుగు మీద ముందు నలుపు కనపడకుండా ఒక పొర, దాని మీద పంటి రంగు పింగాణీ పొరలు వేసి కొలిమిలో కాలుస్తారు. ఈ పొరలకు చోటు కావాలి కాబట్టి పన్ను ఎక్కువ అరగదీయాలి. నవ్వితే కనపడని వెనక దవడ పంటికి ఒట్టి లోహపు క్యాప్ చాలు. అరగదీసేది తక్కువ, పింగాణీ పెచ్చు ఊడే భయం లేదు. గిల్టు నగలకు దురద వచ్చేవాళ్లు మాత్రం ముందే చెప్పాలి, కొన్ని లోహాల్లో నికెల్ ఉంటుంది. ముందు పంటి రంగుని సిమెంటు పెట్టకముందే పగటి వెలుతురులో అద్దం పెట్టి చూసుకోండి.

క్యాప్ ఊడితే ఫెవిక్విక్ పెట్టొద్దమ్మా! చిన్న డబ్బాలో వేసి తీసుకురండి. బ్రిడ్జి ఒకవైపు కదిలితే "నొప్పి లేదు కదా" అని ఊరుకోవద్దు. లోపలికి తిండి చేరి పన్ను పుచ్చుతుంది. రూట్ కెనాల్ చేసిన పన్నైతే నొప్పి కూడా తెలియదు. బ్రిడ్జి కింద సన్న బ్రష్‌తో రోజూ శుభ్రం చేయండి.

అప్పు తీసుకునేటప్పుడు వడ్డీ ఎంత, వాయిదాలెన్ని అని నిలదీసి అడుగుతారు. డాక్టరు దగ్గర కూడా అలాగే అడగండి. సెలవు.