పాట ఆయుర్దాయము

పాట ఎన్నాళ్లు బ్రతికినదో చెప్పుట ఎట్లు? బ్రిటనులో 1952లో మొదలైన పాటల పట్టిక అమ్మకములనే లెక్కించెను. కొన్న గ్రామఫోను రికార్డును ఇంటిలో నూరుమార్లు విన్నను లెక్క ఒక్కటే. 2014 నుండి స్ట్రీమింగ్, అనగా అంతర్జాలమున వినుటయు, లెక్కకు వచ్చెను. కేట్ బుష్ పాడిన ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ 1985లో 3వ స్థానమున ఆగిపోయెను. 2022లో ఒక టెలివిజన్ ధారావాహికలో వినబడి, 37 ఏండ్లకు ప్రథమస్థానము నందెను.

పాత పాట మరల బ్రతుకుట సంతోషమే. కాని పట్టికలో చోటు పరిమితము. పాతవి కదలనిచో క్రొత్త గాయకులకు తావెక్కడ? అందుచేతనే 2017లో, కొన్ని వారములు నిలిచి ఆదరణ తగ్గుచున్న పాటల శ్రవణమునకు అక్కడ విలువ సగము చేసిరి.

నాటి పట్టిక కొన్నవారిని లెక్కించినది. నేటిది విన్నమారులను గూడ లెక్కించుచున్నది. రెండు కాలముల విజయములను ఒకే త్రాసున తూచరాదు.