చెరిపేసిన చుక్కలు



ఈ బడి ల్యాబులో సీనియర్ల రికార్డు చూసి రీడింగులు వేసినవాళ్లలో నేనొకణ్ణి. బి.యస్సీ. రెండో ఏడు వేసవిలో ఒక ప్రయోగశాలలో చేరాను. రంగు ద్రావణం గాఢత పెంచుతూ కలరీమీటరు రీడింగులతో గ్రాఫు గీస్తే, చివరి మూడు చుక్కలు సరళరేఖ మీదికి రాలేదు. భయపడి చెరిపేశాను. గైడుగారు కోప్పడలేదు. "మళ్లీ తియ్యి బాబూ" అని పక్కనే కూర్చున్నారు. మళ్లీ అవే! బీర్-లాంబర్ట్ నియమం పలుచని ద్రావణాలకేనని, చిక్కబడితే గీత వంగుతుందని అప్పుడు అర్థమైంది. నేను చెరిపింది తప్పును కాదు, నిజాన్ని.

దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి విద్యార్థులకు ఇలాంటి వేసవి ఫెలోషిప్పులు ఇస్తున్నాయి. మాస్టారూ, డిగ్రీలో ఉన్న మన పిల్లలకు ఆ కబురు చెప్పండి. ప్రయోగశాలల్లో ఉన్న మిత్రులారా, వచ్చే వేసవిలో ఒక్కరి పక్కన కూర్చోండి. సెలవు.